అధ్యక్షులవారి కండువా

నాకు సుభాషిణి అని పేరు పెట్టింది మా తాతయ్య. ఉయ్యాల్లో ఉన్న పిల్ల పెద్దయ్యాక ఏం మాట్లాడుతుందో ఆయనకేం తెలుసు పాపం. నందిరేవు పురపాలక సంఘంలో ప్రతిపక్ష నాయకురాలిని నేను. మా సమావేశాల వీడియోలు మీరు ఫోన్లలో చూసే ఉంటారు. అందులో మైకు పీకి బల్లమీద కొట్టే ఆవిడ నేనే. బిస్కెట్ల ప్లేటు విసిరింది మాత్రం నేను కాదు, అది అధికారపక్షం. ఎవరు చేసిన పని వాళ్ళకే కట్టబెట్టాలి కదా.

నేను నోరు చేసుకునేది సరదాకి కాదు. మా వార్డులో కాలవగట్టు మీద కూరగాయల మార్కెట్ ఉంది. రేకుల షెడ్లు, గోనెపట్టాలు, తెల్లారేసరికి తడి ఆకుకూరల వాసన. మా చైర్మన్ తాళ్ళూరి అచ్యుతరామయ్య గారికి ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కోరిక. ఓటింగుకు పెడితే గెలిచేది ఆయనే, సభ్యులు ఆయనకే ఎక్కువ. అందుకని ఆ అంశం అజెండాలో వచ్చినప్పుడల్లా నేను లేచి ఆయన్ని ఒక మాట అనేదాన్ని. ఆయన నన్ను రెండు అనేవాడు. ఇరుపక్షాలూ కుర్చీల్లోంచి లేచేవి, సభ వాయిదా పడేది, మార్కెట్ మరో నెల బతికేది. ఊళ్ళో అందరూ నన్ను నోటిదురుసు మనిషి అంటారు. ఆ దురుసు వల్లే తమ షెడ్లు నిలబడ్డాయని కాలవగట్టు మీద వాళ్ళకు తెలుసు, నాకు అది చాలు.

అయితే ఆ బిస్కెట్ల ప్లేటు పోయి పోయి కమిషనర్ గారి నుదుటికి తగిలింది. కలెక్టర్ గారు ఇరుపక్షాల్నీ పిలిపించి, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే పాలకవర్గాన్ని రద్దు చెయ్యమని రాస్తానని చల్లగా చెప్పారు. రద్దయితే ప్రత్యేకాధికారి వస్తాడు, ఒక్క సంతకంతో మార్కెట్ లేచిపోతుంది. నోరు మూసుకుంటే అచ్యుతరామయ్య గారు లేపేస్తారు. ఇంటికొచ్చి ఈ సంగతంతా మా ఆయనకు చెప్పి ఏడ్చినంత పని చేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

మా ఆయన త్రివిక్రమరావు శాస్త్రవేత్త. నరాల మీద పరిశోధన చేసి, ఉద్యోగానికి ముందే సెలవు చెప్పి, మా మేడమీది గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. ఆ గదిలోకి వెళ్ళిన వస్తువు మళ్ళీ వంటింటి మొహం చూడదు. కుక్కర్ విజిల్ పోయింది, గోడగడియారం పోయింది. నేను కలెక్టర్ మాట చెప్పిన మర్నాడు మిక్సీ పోయింది. ఇరవై రోజులు రోట్లో పచ్చడి నూరుకున్నాను. ఆ తర్వాత ఆయన రెండు తెల్ల కండువాలు పట్టుకుని మెట్లు దిగాడు.

చూడ్డానికి మామూలు కండువాలే, జరీ అంచు. అంచులో జరీతో పాటు వెంట్రుక కన్నా సన్నటి తీగలు నేశాడట. ఒకటి తన మెడలో వేసుకుని, రెండోది నా మెడలో వేసి, ఇప్పుడు నన్ను తిట్టు అన్నాడు. దానికి నన్ను బతిమాలాల్సిన పనేముంది. మిక్సీతో మొదలుపెట్టి, మా పెళ్ళిలో ఆయన మండపానికి ఆలస్యంగా రావడం దాకా వెళ్ళాను. పనికిమాలిన మనిషి అన్నాను, ఇంటి ధ్యాస లేదన్నాను. నాకేం కాలేదు. ఆయన నిరాశగా అంచు సర్దుకున్నాడు.

ఏం జరగాలి అని అడిగితే అప్పుడు చెప్పాడు. మనసుకు మాట తగిలితే ముందు తెలిసేది గొంతుకట. ముద్ద అడ్డం పడ్డట్టు అవుతుంది చూడు, ఆ నరాన్ని కండువా పసిగడుతుంది. వెంటనే జంట కండువా వేసుకున్నవాళ్ళ గొంతులో అదే ముద్ద పుట్టిస్తుంది. ఊరు దాటనంతవరకూ పనిచేస్తుంది. ఎదుటివాడి ముద్ద తన గొంతులోనే అడ్డం పడుతుంటే ఎవడు మాత్రం తిట్టగలడు అని ఆయన ధీమా.

"మరి ఇంతసేపు తిట్టానుగా, మీకేం అనిపించలేదా?" అన్నాను.

"నీ తిట్లు నాకు వానచప్పుడులాగ అలవాటైపోయాయి సుభాషిణీ," అన్నాడు.

నాకు విసుగొచ్చింది. మిక్సీ మళ్ళీ రాదని అర్థమైంది. "సర్లెండి, మీ ఇష్టం," అనేసి వంటింటివైపు తిరిగాను.

అప్పుడు పడింది ముద్ద. మింగుడుపడదు, కక్కుడు పడదు. గడప పట్టుకుని నిలబడిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్ళజోడు తీసి, తుడవాల్సిన పని లేకపోయినా తుడుస్తున్నాడు. అన్ని తిట్లకు చలించని మనిషి, ఒట్టి 'మీ ఇష్టం' అన్నందుకు. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైనా ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన తీసుకెళ్ళి చూపిస్తే కలెక్టర్ గారికి ఆ కండువాలు తెగ నచ్చాయి. ప్రతి సభ్యుడికీ ఒకటి, అధికారపక్షంలో ఒకరికీ ప్రతిపక్షంలో ఒకరికీ జంట, మిగిలినవాళ్ళకు వాళ్ళలో వాళ్ళే జంట. మా మేడ మీద పగలూ రాత్రీ తీగలు అతికించడమే పని. ఆ హడావుడిలో మా ఆయన ఒక కండువా అంచు మీద కాలుతున్న ఇనపకడ్డీ పెట్టి చుర్రుమనిపించాడు. బొటనవేలంత గోధుమరంగు మచ్చ. దాన్ని నా జంటకు ఇద్దాం, అంటే చైర్మన్ గారికి, అని నేనే తీసి పక్కన పెట్టాను. అంతమాత్రం కక్ష ఉంటుంది కదండీ.

మొదటి సమావేశం చూడాల్సిందే. మురుక్కాలవ అంశం దగ్గర మొదలైంది. పదో వార్డు సభ్యుడు లేచి, ఏడో వార్డాయన్ని చూపుడువేలితో చూపిస్తూ "నీ మొహం" అన్నాడు. అని గొంతు పట్టుకున్నాడు. రెండు గుటకలు మింగాడు. "నీ మొహం ఇవాళ కళగా ఉందన్నా," అని కూర్చున్నాడు. ఏడో వార్డాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆయన్ని ఆ మాట అన్నవాళ్ళు జీవితంలో లేరట. ఆ రోజు ఆఫీసులో మంచినీళ్ళ క్యాన్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. కాదంటే ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, వాళ్ళు చిన్నబుచ్చుకుంటే మన గొంతు పట్టేస్తుంది. అందుకని ఎవరేం అడిగినా సరే అన్నాం. వీధి లేని చోట కూడా వీధిదీపాలు మంజూరయ్యాయి. రాష్ట్రంలోకెల్లా మర్యాదగల పురపాలక సంఘం అని పేపర్లో రాశారు. మా ఆయన ఆ పేపరు ముక్క ఫ్రిజ్ మీద అంటించాడు.

ఆ వారంలోనే చైర్మన్ గారు వీధి వ్యాపారులకు సన్మానం పెట్టారు. మా పార్టీ బహిష్కరించింది, నేను వెళ్ళలేదు. ఎందుకు బహిష్కరించామో ఇప్పుడు గుర్తులేదు.

అక్కడినుంచి నాకు వింత మొదలైంది. పొద్దున కాఫీ కలుపుతుంటే గొంతులో ముద్ద. బట్టలు మడతపెడుతుంటే ముద్ద. అలవాటు పడాలని ఇంట్లోనూ వేసుకునేదాన్ని, కండువా మెడలో ఉంటే చాలు, రోజుకు నాలుగైదుసార్లు. నా జంట చైర్మన్ గారు కాబట్టి అది ఆయన ముద్దే అయ్యుండాలి. మా ఆయన్ని అడిగితే మిషన్లో లోపం లేదు, ఎవరో నిజంగానే బాధపడుతున్నారు అన్నాడు.

నేను ఆలోచనలో పడ్డాను. అచ్యుతరామయ్య గారు పైకి గంభీరంగా కనిపిస్తారు, లోపల ఇంత దిగులా? కొడుకులు చూడట్లేదా, కోడళ్ళు పెట్టట్లేదా? ఇన్నేళ్ళూ ఈ మనిషినా నేను అన్నన్ని మాటలన్నది? మిరియాలూ శొంఠీ వేసి కషాయం కాచి, గొంతుకు మంచిదని ఫ్లాస్కులో పోసి వాళ్ళింటికి పంపాను. ఆయన తాగకుండా, పని మనిషి చేత పెరట్లో పోయించారని తర్వాత తెలిసింది. మందు పెట్టాననుకున్నారట. రెండోసారి పంపితే, నేను పార్టీ మారే ఆలోచనలో ఉన్నానని ఊళ్ళో పుకారు పుట్టింది. మా పార్టీవాళ్ళు ఇంటికొచ్చి బతిమాలారు.

తర్వాతి సమావేశంలో కాలవగట్టు అంశం వచ్చింది. నేను లేచాను. నా దగ్గర మంచి మంచి మాటలు సిద్ధంగా ఉన్నాయి. చైర్మన్ గారు ఎంతో వినయంగా, గౌరవ సభ్యురాలు తమ అభిప్రాయం సెలవియ్యాలి అన్నారు. నోరు తెరవబోయాను. సరిగ్గా అప్పుడే గొంతులో ముద్ద పడింది, అంతకు ముందెన్నడూ పడనంత. కళ్ళు తిరిగాయి. ఇంత బాధలో ఉన్న పెద్దమనిషిని ఇంకేం అంటాను? చేతులు జోడించాను.

"మీ ఇష్టం అధ్యక్షా," అని కూర్చున్నాను.

ఆ మాట అన్నాక నా సొంత గొంతు కూడా పట్టేసింది. చైర్మన్ గారు నా వైపు చూశారు, వాళ్ళ సభ్యుల వైపు చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. నేను తిట్టకపోవడం ఆయన అనుభవంలో లేదు. ఇందులో ఏదో మెలిక ఉంది, కోర్టుకు గానీ వెళ్ళిందేమో కనుక్కోండి అని కమిషనర్ చెవిలో ఊది, అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. ఆయన అనుమానమే మార్కెట్‌ను ఆ నెలకు కాపాడింది, నేను కాదు.

మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్ళాను. మొహం చూపించడానికి సిగ్గుగానే ఉంది. చలికాలం, కాలవ మీద మంచు ఇంకా లేవలేదు. రేకుల షెడ్ల మీద మున్సిపాలిటీ వాళ్ళు ఎర్రరంగుతో గుణకారం గుర్తులు వేసి ఉన్నారు. అవి వేసింది నిన్న మధ్యాహ్నం, సభ జరుగుతున్నప్పుడేనట.

ఆకుకూరలమ్మే బత్తుల నాంచారమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె నాకు గోంగూర ఎంచి పెట్టే మనిషి, కట్టలో పండాకు ఒక్కటి ఉండనివ్వదు. చలికి చెవులూ మెడా కప్పుకుంటూ ఏదో బట్ట చుట్టుకుంది. ఎలా ఉన్నావంటే ఒంట్లో బాగోలేదంది.

"ఏందోనమ్మా, గొంతులో గడ్డేమోనని డాక్టరు కాడికి పోయా. ఏం లేదన్నాడు. ఈ షెడ్డు పోద్దేమోనన్న ఆలోచనొస్తే పట్టేస్తది, అది సరే. నిన్న మజ్జాన్నం గుర్తులేసిపోయాక ఊరికే కూకున్నానా, ఇంకోటొచ్చి పడింది. నాది కాదు అది. నాదైతే నాకు తెలవదా?"

నేను ఆమె మెడలోని బట్ట అంచు పట్టుకుని చూశాను. తెల్లది, జరీ అంచు. అంచు మీద బొటనవేలంత గోధుమరంగు మచ్చ.

ఎక్కడిదని అడిగితే సంబరంగా చెప్పింది. సన్మానంలో శాలువాలు ఒకటి తక్కువొచ్చాయట, వరసలో చివర తనే నిలబడిందట. చైర్మన్ గారు ఏమాత్రం ఆలోచించకుండా తన మెడలోని కండువా తీసి ఆమె మెడలో వేశారట, ఫొటో కూడా తీశారట. అయ్యో, ఈ సంగతి నాకు తట్టకపోవడమేమిటి? మా రాజకీయాల్లో కండువా ఒక మెడలో నిలవడం ఎక్కడైనా ఉందా? ఒకరు మనకు వేస్తారు, మనం ఇంకొకరికి వేస్తాం. మా ఇంట్లో పెట్టెనిండా ఉన్న శాలువాల్లో నా పేరుతో వచ్చినవి ఎన్నో, ఊరు చుట్టి తిరిగొచ్చినవి ఎన్నో నాకే తెలియదు. చైర్మన్ గారికైతే అలాంటి తెల్ల కండువాలు డజను ఉంటాయి, ఇంటికెళ్ళి ఇంకోటి వేసుకున్నారు. మా ఆయన నరాలన్నీ చదివాడు గానీ ఈ అలవాటును లెక్కలోకి తీసుకోలేదు. రాజకీయాల్లో ఉన్న నేనైనా చెప్పొద్దూ.

ఇన్నాళ్ళూ నేను జాలిపడింది చైర్మన్ గారి మీద కాదు. ఆ ముద్ద నాంచారమ్మది. ఆమె షెడ్డు మీద ఎర్రరంగు పడుతుంటే పుట్టిన ముద్ద నా గొంతులో పడి, ఆ షెడ్డు తీసెయ్యమని నా చేతనే చేతులు జోడింపజేసింది. ఇంత దరిద్రం ఎక్కడైనా ఉందా? నా మీద నాకు, చైర్మన్ మీద, మా ఆయన మీద, ఆ జరీ అంచు మీద ఒళ్ళు మండిపోయింది. అంతా విడమరచి ఆమెకు చెప్పాను. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను.

"అయితే నిన్నటి రెండోది మీ ముద్దా అమ్మా?" అంది నాంచారమ్మ. "మీకెందుకమ్మా అంత ముద్ద?"

గోంగూర కట్టలు రెండు ఎక్కువ తీసుకుని ఇంటికొచ్చాను.

మా ఆయన నా మాట విని మెట్ల మీద కూలబడ్డాడు. వచ్చే సమావేశానికి రాజధాని నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. కండువాలు పనిచేస్తున్నాయని ఒప్పుకుంటే రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటికీ తీసుకుంటారు. ఆయన జీవితమంతా మేడగదిలో చేసిన పనికి అదొక్కటే ఫలితం. చైర్మన్ మెడలో ఉన్నది ఒట్టి బట్ట అని తెలిస్తే నవ్వులపాలవుతాడు. నా పథకం విన్నాక ఇంకా నీరసపడిపోయాడు. నాంచారమ్మ మెడలోది తిరిగి చైర్మన్‌కు, నా మెడలోది నాంచారమ్మకు వెయ్యాలి. అప్పుడు ఆయన తీర్మానం చదవగలిగితే చదవనీ.

"చదవలేకపోతే, ఈ మిషన్ పెడితే పాలన నడవదని రాసుకుపోతారు," అన్నాడు. "నువ్వు పోట్లాడేది న్యాయమే. కానీ నన్ను అడగమాకు."

'మీ ఇష్టం' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కండువాలు మా ఇద్దరి మెడల్లోనూ లేవు. అయినా ఆపుకున్నాను. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, మీరు లేకపోతే ఇది జరగదండీ, మీరు కావాలి అన్నాను. అంత మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు, చాలా కష్టమైంది. ఆయన లేచి, ఆ మచ్చ దగ్గర తీగ వదులై ఉంటుంది, తెచ్చియ్యి, అతికిస్తాను అన్నాడు.

సమావేశం రోజు హాలు నిండిపోయింది. అధికారులు ముందు వరసలో, కెమెరాలు పక్కన. సందర్శకుల బెంచీ మీద నాంచారమ్మ, మెడలో నా కండువా. మా ఆయన మూల స్తంభానికి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. సభ మొదలవగానే నేను లేచి, మన సంఘానికి ఇంత పేరు తెచ్చిన అధ్యక్షులవారిని ప్రతిపక్షం తరపున సన్మానించుకుంటాం అన్నాను. చైర్మన్ గారి మొహంలో రంగులు మారాయి. కానీ కెమెరాల ముందు మెడకొచ్చిన కండువాను వద్దన్న నాయకుడు ఇంతవరకూ పుట్టలేదు. వంగారు. వేశాను. మచ్చ లోపలివైపుకు వచ్చేలా సర్దాను కూడా.

అంశం వచ్చింది. చైర్మన్ గారు తీర్మానం అందుకున్నారు. పట్టణ సుందరీకరణ అన్నారు, దగ్గారు. కాలవగట్టు ఆక్రమణలు అన్నారు, మళ్ళీ దగ్గారు, నీళ్ళు తాగారు. ఆయన మొండిఘటం, ఒప్పుకోవాలి. గొంతు బొంగురుపోతున్నా, కళ్ళు ఎర్రబడుతున్నా ఆపకుండా చదువుకుపోయారు. చివరి పేరాకు వచ్చేశారు. లేచి అరుద్దామని కాళ్ళు లాగుతున్నాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, ఆయన్ని తిట్టకుండా కూర్చోవడం నా రాజకీయ జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని.

తీర్మానం పూర్తయింది. ఇక చేతులెత్తడమే మిగిలింది. అధికారుల ముందు మర్యాద ఇంకాస్త చూపిద్దామనిపించిందేమో, చైర్మన్ గారు చిరునవ్వుతో బెంచీ వైపు తిరిగారు.

"అదిగో, మార్కెట్ తరపున నాంచారమ్మ కూడా వచ్చింది. ఏమ్మా, నీకేమన్నా అభ్యంతరం ఉందా? భయపడమాక, చెప్పు."

నాంచారమ్మ లేచి నిలబడింది. ఆమె ఏం చెప్పాలో నేను రెండు రోజులు నేర్పించాను. చట్టం, ప్రత్యామ్నాయ స్థలం, అన్నీ. ఆమె అవేవీ చెప్పలేదు. చేతులు జోడించింది.

"మీ ఇష్టం బాబయ్యా," అంది. "పెద్దోళ్ళు, మీరెట్టాగంటే అట్టాగే."

చైర్మన్ గారి చేతిలో కాగితాలు కిందపడ్డాయి. గొంతు పట్టుకుని బల్ల మీదికి వంగిపోయారు. నోరు తెరుచుకుంటోంది, మాట రావడం లేదు. కమిషనర్ పరిగెత్తారు, ఎవరో అంబులెన్స్ అన్నారు. నాకు తెలుసు ఆయనకు ఏం కాలేదని. నా మెడలో కండువా లేకపోయినా ఆ ముద్ద ఎంతుంటుందో నాకు తెలుసు, గడప పట్టుకుని నిలబడ్డదాన్ని కదా. పక్కకు చూస్తే మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

ఆ జంట రెండువైపులా పనిచేస్తుందని అందరం మర్చిపోయాం. ఉన్నట్టుండి నాంచారమ్మ కూడా గొంతు తడుముకుంది. చైర్మన్ గారి వైపు చూసింది. బెంచీ దాటుకుని, ఆపబోయిన బంట్రోతును పక్కకు నెట్టి, తన సంచీలోని నీళ్ళసీసా తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది.

"తాగు బాబయ్యా," అంది. "గబగబా తాగమాక. అది నీళ్ళకు దిగదు గానీ, కాసేపుంటే అదే పోద్ది."

చైర్మన్ గారు తాగారు. ఆమె వీపు నిమురుతూ నిలబడింది. ఆమె షెడ్డు తీసెయ్యాలని రాసిన కాగితాలు ఇద్దరి కాళ్ళ దగ్గరే పడి ఉన్నాయి. చాలాసేపటికి ఆయన తల ఎత్తారు.

"రోజూ ఇట్టాగే ఉంటదా నీకు?" అని అడిగారు.

"షెడ్లు తీసేస్తారన్న కాడ్నుంచీ," అంది నాంచారమ్మ.

అంశాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ఆయన సైగ చేశారు. మాటతో చెప్పడానికి గొంతు సహకరించలేదు.

మా ఆయన భయపడ్డట్టే జరిగింది. ఇలాంటి పరికరం ఉంటే ఏ సంఘంలోనూ ఏ పనీ జరగదని రాసుకుని అధికారులు వెళ్ళిపోయారు. సభలో కండువాలు ధరించరాదని మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించాం. మెడలోంచి తీసిన కండువాల్ని సభ్యులు ఇంట్లో ఉంచుకుంటారా? ఎవరి అలవాటు వాళ్ళది. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంట్లలో, గృహప్రవేశాల్లో అవి ఊరంతా పంచిపెట్టారు. ఇప్పుడు నందిరేవులో ఎవరి గొంతులో ఎవరి ముద్ద ఉందో చెప్పలేం. మొన్న హైస్కూలు హెడ్మాస్టరు క్లాసు మధ్యలో ఊరికే ఏడ్చారట, ఎవరిదోనని విచారిస్తే బస్టాండులో టికెట్లిచ్చే ఆయనది. మా ఆయన సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి కండువాలు వెనక్కి అడుగుతున్నాడు. కొందరు మేం ఇవ్వం అంటున్నారు. ఎవరిదైనా సరే, ఉండనివ్వండి అంటున్నారట. ఫ్రిజ్ మీద పేపరు ముక్క ఆయన పీకేశాడు. నేను మళ్ళీ అంటించాను. దాని గురించి అరగంట పోట్లాడుకున్నాం, ఆ తర్వాత ఆయన కొత్త మిక్సీ కొనుక్కొచ్చాడు.

కండువాలు తీసేశాక జరిగిన మొదటి సమావేశానికి నేను పాతపద్ధతిలోనే తయారై వెళ్ళాను. చైర్మన్ గారు కొత్త నమూనా తెచ్చారు. కాంప్లెక్స్ పైన, కింద వరసంతా కాలవగట్టు వాళ్ళకే. నమూనాలో కొట్లు చూస్తే తోటకూర కట్ట అడ్డంగా పెడితే పట్టనంత ఉన్నాయి. నాకు మండింది. లేచాను. "ఏమయ్యా, నీకసలు," అని మొదలుపెట్టాను. ఆయనా కుర్చీలోంచి సగం లేచారు, వేలెత్తారు, "నువ్వు నోరు," అన్నారు.

ఇద్దరం ఆగిపోయాం. నా చెయ్యి నా గొంతు మీద ఉంది. ఆయన చెయ్యి ఆయన గొంతు మీద ఉంది. రెండు మెడల్లోనూ ఏమీ లేదు.

అధ్యక్షా, ఆ కొట్లు మూడడుగులు వెడల్పు చేస్తే తప్ప నేను ఒప్పుకోను, ఎన్ని గంటలైనా కూర్చుంటాను అన్నాను. కుదరదన్నారు. ఎందుకు కుదరదన్నాను. పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. గొంతులు పెరిగాయి, బల్ల కూడా ఒకసారి చరిచాను, బిస్కెట్లు మాత్రం తినడానికే వాడారు. చివరికి నేను అలిసిపోయి కుర్చీలో వెనక్కి వాలి ఒక నిట్టూర్పు విడిచాను. ఇంకేం అనబోతున్నానో ఆయన ఎలా కనిపెట్టారో గానీ, బెంచీ మీద కూర్చున్న నాంచారమ్మ వైపు ఒకసారి చూసి, గబుక్కున చెయ్యెత్తారు.

"తిడితే తిట్టు తల్లీ," అన్నారు చైర్మన్ గారు. "ఆ మాట మాత్రం అనమాక. రెండడుగులు పెంచుతా."

"మూడు," అన్నాను.